కమాండ్ లైన్‌లో ఫైల్ పాత్, ఆప్షన్లు ఎలా రాయాలి?

మాది అమలాపురం దగ్గర కొబ్బరి తోట. కాయల దింపు లెక్కలన్నీ లైనక్స్‌లో 'దింపు' అనే ఫైల్లో ఉండేవి. పక్కనే 'దింపు లెక్కలు' అని ఒక పాత ఫైలు. పాతది తీసేద్దామని ఆర్‌ఎం (rm, ఫైళ్లను తుడిచే కమాండ్) పక్కన ఆ రెండు మాటలూ కొట్టాను. 'దింపు' పోయింది, 'లెక్కలు' అనే ఫైలే లేదని మెసేజ్ వచ్చింది. పాతది మాత్రం నిక్షేపంగా ఉంది!

1. ముందు పీడబ్ల్యూడీ (pwd) కొట్టి ఎక్కడున్నారో చూసుకోండి. పాత్ / తో మొదలైతే, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట మన చేలో బోదె దాకా దారి చెప్పినట్టు. ఎక్కడ నిలబడి చెప్పినా ఆ చోటికే చేరుతుంది. / లేకుండా మొదలైతే మీరున్న ఫోల్డర్ నుంచి లెక్క. చుక్క ఒకటైతే ఉన్నచోటు, రెండైతే ఒక మెట్టు పైకి.

2. పేరులో ఖాళీ ఉంటే కోట్స్‌లో పెట్టండి: ఆర్‌ఎం 'దింపు లెక్కలు'. మనం కొట్టిన లైను నేరుగా ఆర్‌ఎంకి వెళ్లదు. మధ్యలో షెల్ ఉంటుంది, అంటే మనం కొట్టిన లైనును ముందు చదివి కమాండ్‌కి అందించే ప్రోగ్రామ్. అదే ఖాళీల దగ్గర ముక్కలు చేస్తుంది, * ఉన్నచోట ఫైళ్ల పేర్లు నింపుతుంది, ~ ని మన హోమ్ ఫోల్డర్‌గా మారుస్తుంది. కోట్స్‌లో పెడితే ఇవేవీ చేయదు. అన్నట్టు, తెలుగు పేర్లతో ఏ ఇబ్బందీ లేదు, గొడవంతా ఖాళీతోనే.

3. అసలు తిరకాసు - తో మొదలయ్యే పేర్లది. '-పాత' అని కోట్స్‌లో పెట్టినా లాభం లేదు. కోట్స్‌ని షెల్ విప్పేసి పంపుతుంది కాబట్టి, ఆర్‌ఎం దాన్ని ఆప్షన్ (ఎలా పనిచేయాలో కమాండ్‌కి చెప్పే మాట) అనుకుంటుంది. ./-పాత అని రాయండి. లేదా ముందు -- పెట్టండి, ఆప్షన్లు అక్కడితో సరి అని అర్థం. ఎకో (echo, ఇచ్చిన మాటను తెరపై చూపే కమాండ్) లాంటివి -- ని పట్టించుకోవు, అందుకే నా ఓటు ./ కే. ఉత్త * బదులు ./* వాడమనేదీ ఇందుకే. * కొట్టిన ఫోల్డర్లో -ఆర్ (-r) అనే ఫైలుంటే ఆర్‌ఎం దాన్ని ఆప్షన్‌గా తీసుకుని, లోపలి ఫోల్డర్లను కూడా ఊడ్చేస్తుంది.

4. ఒక్క అక్షరం ఆప్షన్లను కలిపి రాయొచ్చు: -ఎల్ -ఏ (-l -a) అన్నా, -ఎల్ఏ (-la) అన్నా ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ (ls)‌కి ఒకటే. పూర్తి మాటైతే ముందు రెండు గీతలు.

5. తుడిచే ముందు ఆర్‌ఎం స్థానంలో ఎల్ఎస్ పెట్టి చూడండి. ఏయే ఫైళ్లకు ఎసరు వస్తుందో కనిపిస్తుంది.

ఆర్‌ఎంకి చెత్తబుట్ట లేదు. నా 'దింపు' తిరిగి రాలేదు. దింపు తీసే అతని చిట్టా పుస్తకం అడిగి తెచ్చుకుని, రెండు రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించాను.