ఫిబ్రవరిలో అప్పు చేసి ఎన్‌పీఎస్‌లో వేస్తున్నారా? ఆగండి

ఫిబ్రవరి జీతం బిల్లు పెట్టే వారం వచ్చిందంటే మా విజయనగరం వైపు స్టాఫ్ రూముల్లో ఒకటే మాట: "ఏటి మాస్టారూ, ఎన్‌పీఎస్‌లో యాభై వేలు వేసేశారా?" ఎన్‌పీఎస్ అంటే జాతీయ పింఛను పథకం; పాత పన్ను విధానంలో అందులో వేసిన 50,000 దాకా విడిగా పన్ను మినహాయింపు ఉంది. అందుకే చేతిలో లేకపోతే అప్పు తెచ్చయినా వెయ్యమంటారు. నేనూ ఓ ఏడాది తెచ్చాను, నూటికి రెండు రూపాయల వడ్డీకి. 20 శాతం శ్లాబు కాబట్టి సెస్సుతో కలిపి 10,400 పన్ను తగ్గింది. అసలు తీర్చడానికి పది నెలలు పట్టింది. నెలకు వెయ్యి చొప్పున వడ్డీ పది వేలు. మిగిలింది 400. యాభై వేలు నావే, కాదనను. కానీ అరవై నిండేదాకా దాదాపు తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టే.

నోటు రాసే ముందు మీరు ఏ పన్ను విధానంలో ఉన్నారో చూసుకోండి. 2023-24 నుంచి కొత్తదే డిఫాల్ట్. అందులో 80సి (బీమా, పీపీఎఫ్ లాంటి వాటికి లక్షన్నర దాకా ఇచ్చే మినహాయింపు) లేదు, మనం సొంతంగా వేసే ఎన్‌పీఎస్‌కి మినహాయింపూ లేదు. 2025-26లో జీతం 12,75,000 దాటని వాళ్లకి అందులో అసలు పన్నే పడదు. ఇంక అప్పు దేనికి?

పాత విధానమైతే పే స్లిప్పు పక్కన పెట్టుకుని పెన్నుతో కూడండి. ఏపీజీఎల్ఐ, జీఐఎస్ (జీతంలో కోసే ప్రభుత్వ ఉద్యోగుల బీమాలు), ఇంటి లోను అసలు, పిల్లల ట్యూషన్ ఫీజు... చాలామందికి లక్షన్నర వీటితోనే నిండిపోతుంది. ఆపైన 50,000 సంగతి: 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన సీపీఎస్ (ఎన్‌పీఎస్ కింద నడిచే కంట్రిబ్యూటరీ పింఛను) వాళ్లు తమ జీతంలో కోసే పది శాతాన్నే ఆ గడిలో చూపించుకోవచ్చు. విడిగా రూపాయి వెయ్యక్కర్లేదు. ఇది ఎవరూ పిలిచి చెప్పరు, మనమే అడగాలి.

పన్ను పడే ఆదాయం 5 లక్షలు దాటక 5 శాతం శ్లాబులోనే ఉంటే, రిబేటుతో ఎలాగూ పన్ను పడదు; యాభై వేలు వేసినా తగ్గేది ఏమీ లేదు. రెండు రూపాయల వడ్డీ అంతా నష్టమే. పీపీఎఫ్‌కైనా ఇదే లెక్క, పైగా 15 ఏళ్ల గడువు. ఈ అప్పు మీద కట్టే వడ్డీకి మినహాయింపు ఉండదు. బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చి మూడు నాలుగు నెలల్లో తీర్చేసే దారుంటే అది వేరే మాట. డీఏ అరియర్లు వస్తాయి కదా అని మాత్రం తేవద్దు. అవెప్పుడు వస్తాయో మనకి తెలియనిదా!

ఫిబ్రవరి బిల్లులో పన్ను కోసేశారని కంగారూ వద్దు. మార్చి 31 లోపు వేసి, గడువులోపు రిటర్నులో పాత విధానం ఎంచుకుని చూపిస్తే ఎక్కువ కోసింది తిరిగొస్తుంది. నేనైతే ఏప్రిల్ నుంచే నెలకు 4,200 వేస్తున్నాను.