నైట్ కుటుంబానికి విరాసత్: ఇంగ్లాండులో పాత భూమి, వంశం వెతకడం ఎట్లా

దేవరకొండ దిక్కు పల్లెల్లో రెవెన్యూ పని ఇరవై ఏండ్లకు పైగా చేశాను, చివరికి వీఆర్వోగా. 2020లో ఆ పోస్టులు రద్దయ్యాక వేరే శాఖకు పోయినా, పాత పహాణీ (ఊరి భూముల రికార్డు) కనబడితే చదవకుండా ఉండలేను. మా బిడ్డ ఇంగ్లాండులోని లింకన్‌లో చరిత్ర చదువుతోంది. ఒక రాత్రి ఫోన్ చేసి, "నాన్నా, మధ్యయుగం నాటి నైట్ కుటుంబం ఒకటి తీసుకొని వాళ్ల వంశం, భూములు రాయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తలేదు, టెన్షన్‌గా ఉంది" అన్నది. నైట్ అంటే భూమికి బదులు గుర్రం మీద యుద్ధసేవ చేసే యోధుడు. ఆమె తీసుకున్నది లింకన్‌షైర్‌లోని ఇర్న్‌హామ్ ఊరి లట్రెల్ కుటుంబం. ఇద్దరం కలిసి చేసిన ఆ పని నుంచి నేర్చుకున్నది చెబుతాను.

మొదటి మాట: ఇంటిపేరు వెంట పోవద్దు, ఊరి వెంట పోవాలి. మేం మొదటి రెండు వారాలు లట్రెల్ అన్న ఇప్పటి స్పెల్లింగ్‌తోనే వెతికి సగం కాగితాలు పోగొట్టుకున్నాం. ఆ కాలపు రాతగాళ్లు లొటరెల్, లూటెరెల్, లౌటెరెల్ అని ఎట్లా వినబడితే అట్లా రాశారు. పైగా తాతకూ మనవడికీ ఒకటే పేరు. జెఫ్రీలు, ఆండ్రూలు మళ్లీ మళ్లీ వస్తారు. ఊరు మాత్రం కదలదు. అందుకని ఇర్న్‌హామ్‌ను మన సర్వే నంబరు లెక్క పట్టుకొని, ఏ సంవత్సరం ఎవరి చేతిలో ఉందో వరసగా రాసుకుంటూ పోయాం.

ఇక అసలైన కాగితం విచారణ పత్రం. దాని పేరు ఇంక్విజిషన్ పోస్ట్ మార్టెమ్, అంటే చనిపోయాక జరిపే విచారణ. రాజు దగ్గర నుంచి నేరుగా భూమి పొందినవాడు చనిపోతే, రాజు అధికారి ఆ ఊరి పెద్దలను జ్యూరీగా కూర్చోబెట్టి ప్రమాణం చేయించి అడుగుతాడు. ఏ ఊళ్లో ఎంత భూమి? ఎవరి కింద, ఏ సేవకు బదులు? ఏటా ఎంత వస్తుంది? ఎప్పుడు చనిపోయాడు? వారసుడెవరు, వయసెంత? బిడ్డ ఇవి చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. విరాసత్ (వారసుల పేరున భూమి మార్చడం) కోసం రచ్చబండ దగ్గర పంచనామా రాసినప్పుడు నేను అడిగిన ప్రశ్నలే అవి! 1230ల నుంచి 17వ శతాబ్దం నడుమ దాకా ఇవి ఉన్నాయి. అసలు ప్రతులు లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. వాటి ఇంగ్లిష్ సారాంశాలు పాత అచ్చు సంపుటాలుగా నెట్‌లో దొరుకుతాయి కాబట్టి నేను నల్లగొండలో కూర్చునే చదివాను.

రెండు జాగ్రత్తలు. భూమి విలువ తక్కువ చేసి చెప్పడం అక్కడా ఉంది, ఆ అంకె నమ్మి ఆస్తి లెక్క కట్టొద్దు. "ముప్పై ఏండ్లు, ఆ పైన" అని ఉంటే అది అందాజా. ఖచ్చితమైన వయసు కావాలంటే వయసు రుజువు పత్రాలు చూడాలి. చిన్నపిల్లవాడు వారసుడైతే వాడికి 21 నిండేదాకా భూమి రాజు చేతిలో ఉండేది. నిండిందని చుట్టుపక్కల వాళ్లు సాక్ష్యం చెప్పాలి. నా కొడుకు కూడా ఆ వారమే పుట్టాడని ఒకరు, నేను ఆ ఏడే గుర్రం మీది నుంచి పడ్డానని ఒకరు. మా నాయనమ్మ తన పెద్దకొడుకు వయసు "పోలీస్ యాక్షన్ అయిన యేడు" అని చెప్పేది, అట్లా. అయితే ఒకే రకం మాటలు వేర్వేరు పత్రాల్లో కనిపిస్తే, రాతగాడు అలవాటుగా రాసినవని గ్రహించండి.

మీ నైట్ రాజు కింద కాకుండా ఒక పెద్ద ప్రభువు కింద ఉంటే అతని పేరున విచారణ ఉండకపోవచ్చు. అప్పుడు ఆ ప్రభువు విచారణలో నైట్ మాన్యాల, అంటే యుద్ధసేవకు బదులు ఇచ్చిన భూముల జాబితా వెతకాలి. పాత పహాణీలో పట్టాదారు, అనుభవదారు వేరువేరు కాలమ్‌లు ఉన్నట్టే, అక్కడ ఒకే పొలం మీద రాజు, ప్రభువు, నైట్, రైతు నలుగురికీ హక్కుంటుంది. 1290 చట్టం తర్వాత, కొన్నవాడు అమ్మినవాడి స్థానంలోకే రావాలి, కింద కొత్త మెట్టు పెట్టడానికి లేదు.

అమ్మకాలకు, పెళ్లి ఒప్పందాలకు ఫైన్ పత్రాలు చూడండి. ఇక్కడ ఫైన్ అంటే జరిమానా కాదు, రాజు కోర్టులో రాసుకున్న భూమి ఒప్పందం. 1195 నుంచి ఒకే తోలు ముక్క మీద ఒప్పందం మూడుసార్లు రాసి, వంకర గీతగా కోసి, రెండు ప్రతులు చెరొకరికి ఇచ్చి, అడుగు ముక్క సర్కారు ఖజానాలో దాచేవారు. మోసం అనుమానం వస్తే ముక్కలు కలిపి చూస్తే చాలు.

ఇంకా వెనక్కి పోవాలంటే 1166లో రెండో హెన్రీ తెప్పించుకున్న నైట్ల జాబితాలు, అంతకు ముందు 1086 నాటి డోమ్స్‌డే సర్వే, అంటే రాజు ఇంగ్లాండు భూముల మీద చేయించిన లెక్క. లింకన్‌షైర్‌లో కొలత క్యారుకేట్, అంటే ఎనిమిది ఎడ్ల నాగలి ఏడాదికి దున్నే భూమి. అందులో ఎనిమిదో వంతు బోవేట్, ఒక ఎద్దు వాటా. దాన్ని ఎకరాలు, గుంటల్లోకి మార్చే ప్రయత్నం చేయకండి, ఊరూరికీ మారుతుంది. 1086లో ఇర్న్‌హామ్ రాల్ఫ్ పేనెల్‌ది. తర్వాత పేనెల్ ఇంటి ఆడబిడ్డ ఫ్రెథిసెంట్‌ను లట్రెల్ ఇంటి జెఫ్రీ పెళ్లి చేసుకున్నాడు, వాళ్ల కొడుకు కాలానికి ఊరు లట్రెల్స్‌కు వచ్చింది. ఇంటిపేరు మాత్రమే పట్టుకొని ఉంటే ఈ మలుపు మాకు దొరికేది కాదు.

కాగితం చెప్పిన సంబంధాన్ని బొమ్మతో సరిచూసుకోండి. 1345లో చనిపోయిన జెఫ్రీ లట్రెల్ రాయించుకున్న కీర్తనల పుస్తకం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఒక పేజీలో ఆయన గుర్రం మీద ఉంటాడు. భార్య ఆగ్నెస్ శిరస్త్రాణం అందిస్తోంది, పక్కన కోడలు బియాట్రిస్ డాలు పట్టుకుంది. వాళ్ల గౌనులు చూడండి: ఇద్దరి మీదా సగం లట్రెల్ వంశ గుర్తు, నీలం మీద వెండి పట్టీ, చిన్న పిట్టలు. మిగతా సగం ఆగ్నెస్‌కు సట్టన్ వారి సింహం, బియాట్రిస్‌కు స్క్రోప్ వారి బంగారు పట్టీ. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ చీర మీద రాసినట్టే!

1530 తర్వాత, వంశ గుర్తుల లెక్క చూసే రాజు అధికారులు ఊళ్లు తిరిగి రాసిన వంశవృక్షాలు కూడా దొరుకుతాయి. అవి చెప్పినవారికి దగ్గరి మూడు నాలుగు తరాలకు పనికొస్తాయి. పైకి పోయినకొద్దీ భట్రాజు పాడిన వంశం లాంటివే: విన సొంపుగా ఉంటాయి, విచారణ పత్రం లేకుండా ఒక్క పేరూ ఎక్కించొద్దు.

బిడ్డ పట్టికలో ఐదు గడులు పెట్టింది: సంవత్సరం, ఎవరి చేతిలో, ఎవరి కింద, ఎట్లా వచ్చింది, ఏ కాగితం. చివరి వరసలో 1419, ఆఖరి జెఫ్రీ సంతానం లేకుండా పోయాడు. భూమి తోబుట్టువు హవీస్‌కు, ఆమె పెళ్లి చేసుకున్న హిల్టన్ ఇంటికి పోయింది. "ఎట్లా వచ్చింది" గడిలో మా బిడ్డ తెలుగులోనే రాసుకుంది: ఆడబిడ్డ వాటా.