ఒకే క్వెరీ, వేర్వేరు క్లయింట్లు: వేగాన్ని సరిగ్గా కొలవడం ఎలా?

మాదాపూర్‌లో మా బృందంలో ఈ మధ్య ఒక వాదన వచ్చింది. ఒరాకిల్ డేటాబేస్ మీద ఒక క్వెరీ ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో (క్వెరీలు రాసి నడిపే ఒరాకిల్ పనిముట్టు) క్షణంలో ఫలితం చూపుతోందనీ, అదే క్వెరీ జావా ప్రోగ్రాములో నిమిషాలు తీసుకుంటోందనీ, కాబట్టి తప్పు జావాదేననీ తేల్చేశారు. కానీ ఎస్‌క్యూఎల్ డెవలపర్ మామూలుగా మొదటి 50 వరుసలు తెచ్చి ఆగుతుంది. ప్రోగ్రాము ఫలితంలోని లక్ష వరుసలూ చదువుతుంది. ఆ రెండింటి సమయాలను పక్కపక్కన పెట్టడమే పొరపాటు.

అందుకే ముందుగా ప్రతి క్లయింటూ (డేటాబేస్‌కు క్వెరీ పంపే ప్రోగ్రాము) చివరి వరుస దాకా చదివేలా చూడండి. డీబీవర్ 200 వరుసల దగ్గర, మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ 1000 దగ్గర ఆగుతాయి. సెట్టింగుల్లో ఆ పరిమితి తీసేయాలి. క్వెరీని కౌంట్‌లో (వరుసల సంఖ్య మాత్రమే ఇచ్చే ఫంక్షను) చుట్టి కొలవకండి, ప్లానే, అంటే క్వెరీని నడపడానికి డేటాబేస్ ఎంచుకునే దారే, మారిపోవచ్చు.

తరువాత చూడవలసినది ఫెచ్ సైజు, అంటే సర్వరు నుంచి ఒక్కో విడతలో తెచ్చుకునే వరుసల సంఖ్య. నా అనుభవంలో అసలు తేడా ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. ఒరాకిల్ జేడీబీసీ డ్రైవరు (జావా ప్రోగ్రామును డేటాబేస్‌తో కలిపేది) మామూలుగా విడతకు 10 వరుసలు, ఎస్‌క్యూఎల్ ప్లస్ (ఒరాకిల్ కమాండ్‌లైన్ పనిముట్టు) 15 వరుసలు తెస్తాయి. సర్వరు ముంబైలో ఉండి, హైదరాబాదు నుంచి వెళ్లి రావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, విడతకు 10 చొప్పున లక్ష వరుసలకు 10,000 విడతలు, అంటే 200 సెకన్లు దారిలోనే పోతాయి. ఫెచ్ సైజు 1000 చేస్తే ప్రయాణానికి అయ్యేది 2 సెకన్లే. ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో ఆటోట్రేస్ అనే సెట్టింగును ట్రేస్‌ఓన్లీ స్టాటిస్టిక్స్‌గా పెడితే వరుసలను తెరపై ముద్రించకుండానే అన్నీ తెచ్చి, రౌండ్‌ట్రిప్పుల (సర్వరుకు వెళ్లి వచ్చిన విడతల) సంఖ్య చూపిస్తుంది. మరో డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ జేడీబీసీ డ్రైవరు దీనికి భిన్నం: మామూలుగా ఫలితమంతా ఒకేసారి తెచ్చి మెమరీలో పెడుతుంది.

అన్ని క్లయింట్లనూ ఒకే యంత్రం నుంచి, ఒకే నెట్‌వర్క్ మీద నడపండి. ముందుగా నడిచిన క్లయింటు డిస్కు నుంచి చదివిన బ్లాకులు తరువాతి దానికి మెమరీలోనే సిద్ధంగా దొరుకుతాయి కనుక, మొదటి పరుగును లెక్కలోంచి తీసేసి, క్లయింట్లను నడిపే క్రమం మారుస్తూ కనీసం ఐదారుసార్లు కొలిచి, మధ్యస్థాన్ని (క్రమంలో పెడితే నడుమ వచ్చే విలువను) తీసుకోండి.

అప్పటికీ తేడా మిగిలితే ప్లాను చూడాలి. ఒక చోట విలువను నేరుగా రాసి, మరో చోట బైండ్ వేరియబుల్‌గా (క్వెరీలో ఖాళీ ఉంచి, విలువను విడిగా) పంపితే ఆప్టిమైజరు (ప్లానును ఎంచుకునే డేటాబేస్ భాగం) వేర్వేరు దారులు పట్టవచ్చు. ఒరాకిల్‌లోని వీ డాలర్ ఎస్‌క్యూఎల్ (V$SQL) వ్యూలో రెండింటి ప్లాన్ హ్యాష్ వాల్యూలూ (ప్లానును గుర్తించే సంఖ్యలు) సరిపోల్చండి. అవి వేరైతే ముందుగా వెతకవలసినది ప్లాను ఎందుకు మారిందో, క్లయింటు వేగాన్ని కాదు.