ఇంగ్లీషు వాక్యంలో 'హిమ్', 'హర్', 'ఇట్' తర్వాత ఏ మాట ఎక్కడ పెట్టాలి?

నిన్న అతన్ని బజారులో చూశాను. అతన్ని నిన్న చూశాను, బజారులో. బజారులో చూశాను నిన్న అతన్ని. తెలుగులో ఎలా తిప్పినా అర్థం చెడదు, ఊనిక మాత్రం అటూ ఇటూ జరుగుతుంది. 'ని' ఎవరినో చెబుతుంది, 'లో' ఎక్కడో చెబుతుంది. ప్రతి మాటా తన పని ఏమిటో తోకలోనే మోసుకు తిరుగుతుంది కాబట్టి ఎక్కడ కూర్చున్నా ఇబ్బంది లేదు. ఆ స్వేచ్ఛకు అలవాటు పడ్డ మనం ఇంగ్లీషులోకి వెళ్లి 'ఐ సా యెస్టర్డే హిమ్' అనేస్తాం. మాటలన్నీ సరైనవే. వరుసే తప్పు.

'హి' కర్మ (అంటే పని ఎవరి మీద జరిగిందో చెప్పే మాట) అయినప్పుడు 'హిమ్'గా మారుతుంది కాబట్టి ఇంగ్లీషులోనూ కొంత స్వేచ్ఛ ఉండాలి కదా అనిపించవచ్చు. ఒకప్పుడు ఉండేది. 1549 నాటి ఇంగ్లండు చర్చి ప్రార్థన పుస్తకంలో పెళ్లికొడుకు చెప్పే మాట 'విత్ దిస్ రింగ్ ఐ దీ వెడ్'. 'దీ' అంటే నిన్ను. 'ఈ ఉంగరంతో నేను నిన్ను పెళ్లాడుతున్నాను' అనే మన వరుసే అది! ఇప్పటి ఇంగ్లీషులో మాత్రం అలా కుదరదు.

మొదటి అడుగు: క్రియనూ సర్వనామాన్నీ ముడి వేయండి

మి, అస్, యు, హిమ్, హర్, ఇట్, దెమ్. ఈ ఏడింటిలో ఏది కర్మగా వచ్చినా క్రియకు ఆనుకునే ఉండాలి. 'సా హిమ్', 'కాల్డ్ హర్', 'ఓపెన్డ్ ఇట్' అని జంటగా పలకడం అలవాటు చేసుకోండి. ఎందుకంటే ఇవి ఊనిక లేని చిన్న మాటలు, క్రియ మీద వాలి పలుకుతాయి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు వేగంగా మాట్లాడేటప్పుడు 'టెల్ హిమ్' అన్నది 'టెల్లిమ్' అని ఒకే మాటలా వినిపిస్తుంది. మధ్యలో మరో మాటకు సందు ఎక్కడిది?

అన్నట్టు, 'అతనికి ఫోన్ చేశాను'లోని 'కి'ని కూడా వెంటబెట్టుకుపోయి 'ఐ కాల్డ్ టు హిమ్' అనకండి. 'కాల్డ్ హిమ్' చాలు.

రెండో అడుగు: తెలుగు వాక్యాన్ని వెనక నుంచి చదవండి

ఇది నాకు బాగా పనికొచ్చిన కిటుకు. ముందు తెలుగు వాక్యాన్ని ఈ వరుసలో పెట్టుకోండి: నేను, నిన్న, బజారులో, అతన్ని, చూశాను. 'నేను'ను కదపకుండా మిగతాది చివరి నుంచి చదవండి. చూశాను, అతన్ని, బజారులో, నిన్న. 'ఐ సా హిమ్ ఇన్ ద బజార్ యెస్టర్డే.' అద్దంలో చూసినట్టు వచ్చేసింది. 'బజారు' తర్వాత ఉన్న 'లో' సైతం తిరగబడి 'ఇన్' అయి ముందుకు వచ్చింది. ప్రిపొజిషన్ అంటే మరేమీ కాదు, మన ప్రత్యయం వెనక చేసే పనిని ముందు నిలబడి చేసేది. ఎక్కడ అన్నది ముందు, ఎప్పుడు అన్నది తర్వాత అనే నియమాన్ని విడిగా బట్టీ పట్టక్కర్లేదు. అయితే 'రేపు సాయంత్రం' లాంటి జంటను విడదీసి తిప్పకండి, ఇంగ్లీషులోనూ అది 'టుమారో ఈవినింగ్' గానే ఉంటుంది.

మూడో అడుగు: 'మెల్లగా', 'బాగా' వచ్చినప్పుడు ఆగండి

అద్దం అబద్ధం చెప్పేది ఇక్కడే. 'నేను దాన్ని మెల్లగా తెరిచాను' అంటాం. క్రియకు ముందున్నది 'మెల్లగా'. అలాగే తిప్పితే 'ఐ ఓపెన్డ్ స్లోలీ ఇట్' అవుతుంది. మనవాళ్ల తప్పుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా నమ్మకం. పని ఎలా జరిగిందో చెప్పే మాటను తెలుగు క్రియ పక్కన కూర్చోబెడుతుంది, ఇంగ్లీషు ఆ చోటును కర్మకు ఇచ్చేసింది.

కాబట్టి తిప్పే ముందే 'దాన్ని'ని జరిపి క్రియ పక్కకు తెచ్చుకోండి: నేను మెల్లగా దాన్ని తెరిచాను. ఇప్పుడు తిప్పితే 'ఐ ఓపెన్డ్ ఇట్ స్లోలీ'. 'ఐ స్లోలీ ఓపెన్డ్ ఇట్' అన్నా తప్పు లేదు. జంటకు అటు ఉండవచ్చు, ఇటు ఉండవచ్చు, నడుమ మాత్రం దూరకూడదు. 'ఆల్వేస్', 'నెవర్' లాంటివి మామూలుగా జంటకు ముందే ఉంటాయి: 'ఐ ఆల్వేస్ కాల్ హిమ్.' 'వెరీ మచ్' మాత్రం ఎక్కువగా వెనకే: 'ఐ లైక్ ఇట్ వెరీ మచ్.'

నాలుగో అడుగు: 'ఆఫ్', 'అప్', 'ఎట్'లను పరీక్షించండి

'స్విచ్ ఆఫ్ ఇట్' తప్పు, 'లుక్ ఎట్ ఇట్' ఒప్పు. రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తికమక సహజం. ఇట్ తీసేసి ఫ్యాను పెట్టి చూడండి. 'స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్', 'స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్' రెండూ చెల్లుతాయి. ఫ్యాను మధ్యలో ఇమిడిందంటే సర్వనామం మధ్యలోనే ఉండి తీరాలి: 'స్విచ్ ఇట్ ఆఫ్', 'పిక్ హిమ్ అప్'. 'లుక్ ద ఫ్యాన్ ఎట్' అనలేం కాబట్టి 'లుక్ ఎట్ ఇట్' అలాగే ఉంటుంది. ఇక్కడ 'ఇట్' ఆనుకున్నది క్రియను కాదు, 'ఎట్'ను. అందుకే 'లుక్ కేర్‌ఫులీ ఎట్ ఇట్' అని నడుమ మాట దూర్చినా ఎవరూ తప్పు పట్టరు.

ఐదో అడుగు: సర్వనామం ఎంత మేర మింగిందో చూడండి

'టేబుల్ మీది పుస్తకం కొన్నాను' అన్నదాన్ని 'ఐ బాట్ ద బుక్ ఆన్ ద టేబుల్' అంటాం. ఇందులో పుస్తకం బదులు 'ఇట్' పెడితే 'ఐ బాట్ ఇట్' అంతే. ఏ పుస్తకమో చెప్పే 'ఆన్ ద టేబుల్' కూడా 'ఇట్' కడుపులోకే పోయింది. దాన్ని బయట వదిలి 'ఐ బాట్ ఇట్ ఆన్ ద టేబుల్' అంటే టేబులెక్కి బేరమాడినట్టు ఉంటుంది. అదే 'ఐ పుట్ ద బుక్ ఆన్ ద టేబుల్' అయితే, ఎక్కడ పెట్టానన్నది ముఖ్యం కాబట్టి 'ఐ పుట్ ఇట్ ఆన్ ద టేబుల్' అని ఉంచాల్సిందే.

ఇక ఒక సందేశాన్ని దిద్దుదాం. 'సార్, ఐ కాల్డ్ ట్వైస్ యు దిస్ మార్నింగ్. ప్లీజ్ సైన్ ద ఫారమ్ అండ్ సెండ్ బ్యాక్ ఇట్ బై ఫైవ్ టు మి.' మొదటి వాక్యంలో 'ట్వైస్' జంటను విడదీసింది. 'కాల్డ్ యు ట్వైస్' చేస్తే సరి. రెండోదానిలో 'బ్యాక్' మన ఫ్యాను పరీక్షకు లొంగే మాట, కాబట్టి 'ఇట్' మధ్యలోకి రావాలి. ఎవరికి అన్నది గడువు కంటే ముందు రావాలి. 'సెండ్ ఇట్ బ్యాక్ టు మి బై ఫైవ్.' అనుమానం ఉంటే తెలుగులో అనుకుని వెనక నుంచి చదవండి: ఐదింటిలోగా, నాకు, తిరిగి, దాన్ని, పంపండి.