క్యాబేజీ నారు ఎప్పుడు పోయాలి: బెజవాడ, గుంటూరు పెరళ్లకు ఒక లెక్క

బెజవాడ, గుంటూరు ప్రాంతాలలో పెరట్లోనో మేడమీదనో క్యాబేజీ వేయదలచినవారు ముందుగా గడ్డ కట్టే రోజులను నిర్ణయించుకొని, అక్కడినుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. గడ్డ గట్టిగా చుట్టుకోవడానికి 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం అనుకూలం. అంత చల్లదనం మనకు పగటిపూట ఏ నెలలోనూ దొరకదు. డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి దాటేవరకు మాత్రం రాత్రులు 20 డిగ్రీల లోపుకు దిగుతాయి, పగటి వేడి 30 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. ఏడాది మొత్తంలో ఈ పంటకు మన వాతావరణం ఇవ్వగలిగినది ఆ ఐదారు వారాలే కనుక, ఆకులు లోపలికి ముడుచుకునే దశ ఆ వారాలలోనే పడేటట్లు చూసుకోవాలి.

గోల్డెన్ ఏకర్ వంటి స్వల్పకాలిక రకం నాటిన ఐదారు వారాలకు గడ్డ కట్టడం మొదలుపెట్టి, 60, 65 రోజులకు కోతకు వస్తుంది. నారు నాటు దశకు ఎదగడానికి 25 నుంచి 30 రోజులు పడుతుంది. ఈ లెక్కన హస్త కార్తెలో, అంటే సెప్టెంబరు చివరినుంచి అక్టోబరు 10వ తేదీ లోపల విత్తనం చల్లి, స్వాతి కార్తెలో, అంటే అక్టోబరు చివర లేదా నవంబరు మొదటి వారంలో మొక్కలు నాటితే, సంక్రాంతి నాటికి తొలి గడ్డ వంటింట్లో ఉంటుంది. లేట్ డ్రమ్‌హెడ్ వంటి దీర్ఘకాలిక రకాలు పెద్ద గడ్డలే ఇస్తాయి గాని, అవి తయారయ్యేసరికి ఫిబ్రవరి ఎండలు మీదపడతాయి. మన పెరళ్లకు వాటిని నేను సూచించను.

తొలి ఏడాది ఈ లెక్క తెలియక, పండుగ వెళ్లిన వారానికి ఒక నర్సరీలో నవనవలాడుతున్న నారు చూసి ముచ్చటపడి, డజను మొక్కలు తెచ్చి నాటాను. మొక్కలు బాగానే ఏపుగా పెరిగాయి, ఆకులు విస్తరాకులంత అయ్యాయి. మార్చి వచ్చినా మధ్యలో మాత్రం పిడికిలంత గడ్డైనా చుట్టుకోలేదు. ఎరువు చాలలేదేమోనని మరింత వేశాను, ఆకులు మరింత పెద్దవయ్యాయి. నర్సరీలో నారు దొరుకుతున్నది కదా అని అదే అదనుగా భావించకూడదన్నది అప్పుడు తెలిసింది. వేడిని తట్టుకొనే సంకర రకాలైతే కొంత నయం, అయినా జనవరిలో నాటడానికి అవి కూడా హామీ కావు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నారు పోసే రోజులే మన కోస్తాకు వానలు, తుపానులు వచ్చే రోజులు. చిత్త చినుకు తన చిత్తమున్నచోట పడుతుందన్నట్లు, ఉదయం ఎండ కాసి సాయంత్రం కుండపోత పోస్తే రెండాకుల నారు మొదళ్లు మెత్తబడి, మరునాటికి పడుకుంటుంది. దీనినే నారుకుళ్లు అంటారు. అందుచేత నేలమీద నారుమడి కట్టే బదులు, కోకోపీట్ అనే కొబ్బరి పీచు పొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపిన ప్రోట్రేలలో, అంటే చిన్న చిన్న గుంటలున్న నారు ట్రేలలో, గుంటకొక విత్తనం చొప్పున అర సెంటీమీటరు లోతున వేసి, వెలుతురు తగిలే వసారాలో ఉంచడం మేలు. గింజకు ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రపు పొడి పట్టిస్తే కుళ్లు తగ్గుతుంది. మొలక కనబడిన రోజునుంచీ ఉదయపు ఎండ చూపించాలి. నీడలోనే ఉంచితే కాడలు సాగి, నాటినప్పుడు నిలబడవు. నాలుగైదు ఆకులు వచ్చి, కాడ పెన్సిలులో సగం మందమైనప్పుడు నాటాలి.

గుంటూరు వైపు నల్లరేగడి వాన పడితే బంకగా మారి నీటిని పట్టి ఉంచుతుంది కనుక, అక్కడ జానెడు ఎత్తున బోదెలు చేసి వాటిమీద నాటాలి. కృష్ణ ఒండ్రు నేలల్లో ఆ ఇబ్బంది తక్కువ. మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి, మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్ల ఎడం ఇవ్వాలి. మేడమీదైతే అడుగు లోతున్న కుండీకి ఒక్క మొక్కే. రెండు పెట్టాలన్న ఆశను ఆపుకోవాలి. నాటిన మూడో వారంలో ఒకసారి, గడ్డ మొదలయ్యేటప్పుడు ఒకసారి, నానబెట్టిన వేరుసెనగ చెక్క నీటిని పలుచన చేసి పోస్తే సరిపోతుంది.

వానలు తగ్గి చలి మొదలయ్యే నవంబరు చివరినుంచి ఆకుల అడుగుభాగం తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి. ఆకుపచ్చని సన్న పురుగు ముట్టుకోగానే మెలికలు తిరిగి దారంమీద కిందికి జారితే, అది డైమండ్ మచ్చల రెక్కపురుగు పిల్ల. నాటడానికి పదిహేను రోజుల ముందే మడి అంచున, లేదా పక్క కుండీలో ఆవాలు చల్లితే తల్లి పురుగులు చాలావరకు ఆ ఆవ మొక్కలమీదనే గుడ్లు పెడతాయి. అయినా కనబడితే లీటరు నీటికి ఒక గ్రాము బీటీ పొడి, అంటే పురుగులను చంపే బాక్టీరియా మందు, కలిపి, ఎండ తగ్గాక చల్లాలి.

విత్తనాలన్నీ ఒకేసారి చల్లితే గడ్డలన్నీ ఒకే వారంలో తయారై ఇరుగుపొరుగుకు పంచవలసి వస్తుంది. కనుక అక్టోబరు చివర మరొక ట్రే వేసుకోవచ్చు. నవంబరు మొదటి వారం దాటాక విత్తనం వేయకపోవడమే మంచిది. గడ్డను బొటనవేలితో నొక్కినప్పుడు లోపలికి పోకుండా గట్టిగా తగిలితే కోయాలి. ఆ దశలో నీళ్లు మానేసి, తరువాత ఒక్కసారిగా నిండా పోస్తే రాత్రికి రాత్రే గడ్డ పగులుతుంది. పగిలినదాన్ని ఆ పూటే కోసి, శనగపప్పు వేసి కూర వండుకోవాలి.