రాచపెళ్లికి పంచరత్నాలు: ముందు పేర్లు తూచండి

రాజవంశపు పెళ్లికి పంచరత్నాలు, అంటే ఐదు పద్యాలు, రాయమంటే చాలామంది నేరుగా వర్ణనలోకి దిగుతారు. పల్లకీలు, ఏనుగులు, తోరణాలు చక్కగా కుదురుతాయి. వరుడి పేరు దగ్గరికి వచ్చేసరికి నడక కుంటుపడుతుంది. అందుకే మొదట వధూవరుల పేర్లు, ఇరువంశాల పేర్లు, బిరుదులు రాసుకుని గురులఘువులు (దీర్ఘంగా, పొట్టిగా పలికే అక్షరాలు) గుర్తించండి. ఏ వృత్తం (గురులఘువుల వరుస ఖాయంగా ఉండే పద్యరకం) ఎత్తుకోవాలో అవే చెబుతాయి.

'రాజేంద్ర' చూడండి. మొదటి రెండూ గురువులే. ఉత్పలమాల, చంపకమాల వృత్తాల్లో ఒకే పాదంలో రెండు గురువులు పక్కపక్కన పడవు. ఆ పేరు అక్కడ ఎంత తిప్పినా ఇమడదు. గురువులు పక్కపక్కన వచ్చే శార్దూలమో మత్తేభమో పట్టాలి. ఛందస్సు కోసం పేరును సాగదీయడం, కుదించడం మాత్రం వద్దు. సభలో అది పేరు తప్పు పలికినట్టే వినిపిస్తుంది.

తొలి పద్యం 'శ్రీ'తో మొదలవడం మర్యాద. నన్నయ భారతం కూడా శ్రీకారంతో, శార్దూలంలో ఉన్న సంస్కృత శ్లోకంతోనే మొదలవుతుంది. 'శ్రీ' గురువు కనుక లఘువుతో మొదలయ్యే చంపకమాల, మత్తేభం ఈ చోటికి పనికిరావు. ఉత్పలమాలలో మొదటి గణం (గురులఘువుల గుంపు) భగణం, శార్దూలంలో మగణం, రెండూ శుభగణాలే. మత్తేభం మొదటి సగణాన్ని లాక్షణికులు (ఛందస్సు నియమాలు రాసినవారు) అశుభమన్నారు, దాన్ని నడుమ పద్యానికి ఉంచుకోండి.

ఉత్పలమాల పాదం ఒకటి (సింధుకుమారి లక్ష్మి, శౌరి విష్ణువు):

శ్రీకరమైన పెండ్లి యిది. సింధుకుమారికి శౌరి జోడుగాన్

గణాలు: శ్రీకర (భ), మైనపెం (ర), డ్లియిది (న), సింధుకు (భ), మారికి (భ), శౌరిజో (ర), డుగాన్ (వ). మొత్తం 20 అక్షరాలు. పదో అక్షరం 'సిం' మొదటి 'శ్రీ'తో యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరానికి ఉండాల్సిన పొంతన) కలుస్తుంది. ప్రాస 'క' కనుక మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం కకారమే కావాలి. లోకము, ఏకము, రాకలు, కోకిల అని మాటలు పుష్కలంగా దొరుకుతాయి. అదే మొదటి పాదంలో రెండో అక్షరంగా 'ఘ' పెట్టుకుంటే మూడో పాదానికే మాటలు అయిపోయి, అర్థంలేని పూరణలు వచ్చిపడతాయి. మొదటి పాదం ఖాయం చేసేముందే నాలుగు ప్రాసపదాలు రాసిపెట్టుకోండి.

ఐదు పద్యాల్లో ఇష్టదైవస్తుతి, వరుడి వంశం, వధువు వంశం, పెళ్లిపీటల వేడుక, ఆశీస్సు వరుసగా రావాలి. వరుడి వంశానికి పొడవైన సీసం ఇచ్చి వధువు వంశాన్ని పొట్టి కందంతో సరిపెడితే వియ్యపువారికి చిన్నతనం. రెండింటికీ ఒకే వృత్తం వాడండి. సీసాన్ని తలంబ్రాల పద్యానికి ఉంచండి: పాదానికి ఆరు ఇంద్రగణాలు (మూడు నాలుగక్షరాల గుంపులు), రెండు సూర్యగణాలు (రెండు మూడక్షరాల గుంపులు), ప్రాసనియమం లేదు, వేడుకంతా విప్పి చెప్పేందుకు చోటుంటుంది. కింద తేటగీతో ఆటవెలదో అనే చిన్న పద్యం తప్పనిసరి.

పోలికల్లో జాగ్రత్త అవసరం. నలదమయంతుల జంటను తెస్తే స్వయంవరం దగ్గరే ఆపాలి, ఆ తర్వాతిది ఎడబాటు కథ. ఆశీస్సులో 'కష్టములు రాకుండుగాక' అనకండి. కాదన్నా ఆ మాట చెవిన పడుతుంది. 'సుఖముగ వర్ధిల్లుఁ గాక' అని, వ్యతిరేకం లేని విధిరూపంలోనే ముగించండి.