రోబో డిటెక్టివ్ కథలో క్లూ ఎక్కడ దాచాలి?

రోబో డిటెక్టివ్‌తో నవ్వించే కథ రాయాలనుంటే, ముందు ఆ రోబోకి ఏం చేతకాదో రాసుకోండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, దానికి ఎక్స్‌రే చూపు ఇచ్చేసి, ఊళ్లో కెమెరాలన్నీ చేతిలో పెట్టేసి, ఇంక రెండో పేజీకే హంతకుడు దొరక్కుండా ఎలా ఆపాలా అని తల పట్టుకుంటారు.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత (ఈయన చర్చి ఫాదర్ కూడా) డిటెక్టివ్ కథలకి పది నియమాలు పెట్టాడు. చివర్లో పొడుగాటి సైన్సు పాఠం చెప్తే తప్ప అర్థంకాని పరికరం వాడొద్దన్నది అందులో ఒకటి. మనకి ఇది గొంతులో వెలక్కాయే! అందుకే మీ లోకంలో రోబోలు ఏం చేయగలవో, ఏం చేయలేవో హత్యకి ముందే చెప్పేయండి. సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్ 1942లో తన కథల్లో రోబోలకి పెట్టిన మూడు సూత్రాలే వాడక్కర్లేదు, మీకు ఒక్క సూత్రం చాలు. రోబో అబద్ధం చెప్పదు, కానీ అడిగినదానికే జవాబిస్తుంది, అనుకుందాం.

ఇప్పుడు ఇల్లు తుడిచే రోబోని సాక్షిగా కూర్చోబెట్టండి. "హత్య చూశావా?" అంటే "లేదండీ, నేను నేలనే చూస్తాను" అంటుంది. తర్వాత "మరి పని ఎలా ఉంది?" అని అడిగితే చాలు, ఒకటే సణుగుడు: రోజూ ఎనిమిదింటికి తుడుస్తాను, ఇవాళ్టిది నిన్ననే పదింటికి మార్చారు, రక్తం ఎండిపోయాక తుడవడం ఎంత కష్టమో మీకేం తెలుసు అని. డిటెక్టివ్ రోబో సాటి యంత్రం కదా, జాలిపడి తలూపుతుంది. పాఠకుడు నవ్వేసి ముందుకెళ్లిపోతాడు. క్లూ ఆ సణుగుడులోనే ఉంది, హత్య జరిగింది ఇవాళ తొమ్మిదింటికి, తుడిచే టైము మాత్రం నిన్ననే ఎవరో మార్చారు, అంటే హత్య సంగతి వాళ్లకి ముందే తెలుసు. ఎవరు మార్చారని మాత్రం చివరిదాకా ఎవరూ అడగరు.

"నా గుండె జారిపోయింది సార్" అని సాక్షి అంటే రోబో కుర్చీ కింద వెతకడం లాంటివి ఒక్కసారే బాగుంటాయి. రెండోసారి చిరాకు. రోబో తను జోకేస్తున్నానని అసలు అనుకోకూడదు, విసుక్కోవడానికి పక్కన నిద్రలేని ఇన్‌స్పెక్టర్ ఉన్నాడుగా.

రాయడం అయ్యాక జోకులన్నీ కొట్టేసి ఒకసారి చదవండి. అప్పటికీ హంతకుడు దొరుకుతున్నాడంటే క్లూ జోకులో దాగలేదన్నమాట, మళ్లీ కూర్చోవాల్సిందే.